ముందు చప్పుడు, తర్వాత కారు

నా నోట్ల నువ్వుగింజ నానదని మా అమ్మ అంటుండె. బడిల ఎవరు ఎవర్ని కొట్టిన్రు, సంతల ఎవరు ఎవరితోని లొల్లి పెట్టుకున్నరు, అన్నీ ఇంటికొచ్చి చెప్పెదాక నాకు బువ్వ ఎక్కకపోతుండె. అసొంటి నా నోట్ల ఒక ముచ్చట ఏండ్లకేండ్లు అట్లనే ఉండిపోయింది. నేను దాచుకోలే. చెప్తనంటే చెప్పనియ్యలే. ఇప్పటికీ పొద్దుగాల డ్యూటీకి పోయేటప్పుడు, ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కపొంటి నడుస్తుంటే, వెనక నుంచి కారు వస్తున్నట్టయితే నా కాళ్ళు ఆగిపోతయి. కారుకు భయపడి కాదు. దాని కంటే ముందు ఇంకో చప్పుడు వినబడుతదేమోనని.

నేను నర్సును. ఆ కాలంల శంషాబాద్‌ల ఒక చిన్న దవాఖానల పనిచేస్తుంటి. వెలుతురు పూర్తిగ రాకముందే ఇంట్ల నుంచి బయలెల్లి సర్వీసు రోడ్డు మీద నడుచుకుంట పోవుడు నాకు అలవాటు. చలికాలం, మంచు పట్టి ఉన్నది. ముందర మలుపు అవతల ‘ధన్’మని చప్పుడైంది. ఏదో బండి గుంతల పడ్డదనుకున్న. జరసేపటికి ఆ మలుపు నుంచి ఒక టిప్పర్ వచ్చింది. లైట్లు లేవు. నా పక్కనుంచి దుమ్ము లేపుకుంట పోయింది. నంబరు చూడలేదా అని తర్వాత చానమంది అడిగిన్రు. ఎందుకు చూస్త? రోజూ ఎన్ని టిప్పర్లు పోతయి ఆ రోడ్డు మీద, అన్నింటి నంబర్లు చూసుకుంట కూసుంటనా? అది పోయినంక, మళ్ళ చెప్తున్న, అది పోయినంకనే, నా వెనక నుంచి ఒక క్యాబ్ వచ్చి నన్ను దాటుకొని మలుపు దిక్కు పోయింది.

నేను మలుపు తిరిగేసరికి క్యాబ్ ఆగి ఉన్నది, డోర్ తెరిచి ఉన్నది. రోడ్డు నిండ పాలకూర కట్టలు, గోంగూర కట్టలు. వాటి నడుమ డ్రైవర్ కింద కూసొని ఒక ముసలామె తలను ఒడిల పెట్టుకున్నడు. తన మెడల వేసుకున్న గళ్ళ తువ్వాల తీసి, మడతపెట్టి, ఆమె తలకు అదిమిపట్టిండు. ఆమె నాకు తెలిసినామెనే. మా గల్లీల, మా ఇంటికి జర అవతల, బిడ్డ దగ్గర ఉంటుండె. పొద్దుగాల్నే ఆకుకూరల గంప ఎత్తుకొని కొత్త కాలనీలల్ల అమ్ముకొస్తుండె. నేను కూలబడి నాడి పట్టి చూసిన. ఉన్నది, సన్నగ. “ఊపిరి ఉన్నదా అక్కా, జర చూడక్కా” అని డ్రైవర్ ఒకటే అడుగుతుండు. అంబులెన్సు రాకముందే నా వేళ్ళ కిందనే ఆ నాడి ఆగిపోయింది.

పోలీసులు వచ్చిన్రు. క్యాబ్ అక్కడ ఉన్నది, సచ్చిపోయిన మనిషి దాని ముందర ఉన్నది, డ్రైవర్ అంగీ మీద రక్తం ఉన్నది. ఇగ వేరే ఏం కావాలె? ఆయన్నే పట్టుకుపోయిన్రు. నేను పోలీసాయనకు మొత్తం చెప్పిన. ముందు చప్పుడు, తర్వాత టిప్పర్, ఆ తర్వాత కారు. ఆయన తల ఊపుకుంట రాసుకున్నడు. చదివి వినిపియ్యలే. నాతోని సంతకం గూడ తీసుకోలే. పోలీసులు రాసుకునే మాటల మీద సాక్షి సంతకం ఉండొద్దన్నదే కానూనని తర్వాత తెలిసింది. అక్కడ ఏం రాసిండో నాకు కోర్టుల నిలబడ్డప్పుడు గానీ తెల్వలే.

మాది క్రైస్తవ కుటుంబం. మా ప్రార్థన కూటాలల్ల సాక్ష్యం చెప్పుడు ఉంటది. ఎవరికైనా కష్టమొచ్చి గట్టెక్కితే లేచి నిలబడి మొదటినుంచి చివరిదాక చెప్తరు. జ్వరం ఎప్పుడొచ్చింది, ఏ దవాఖానకు పోయిన్రు, దారిల ఆటో ఎక్కడ ఆగిపోయింది, అన్నీ. మా మేనత్త లేస్తే ఇంట్ల పొయ్యి మీద పప్పు మాడిపోయేది, కానీ మధ్యల ఎవ్వరూ ఆపకపోతుండిరి. సాక్ష్యాన్ని ఆపుడు మా దిక్కు పాపం కింద లెక్క. నేను గట్ల పెరిగినదాన్ని. కోర్టుల సాక్ష్యమంటే గూడ గట్లనే ఉంటదనుకొని, ముందురోజు అంట్లు తోముకుంట మొత్తం మనసుల వరుసగ పెట్టుకున్న. ఎంత పిచ్చిదాన్నో చూడున్రి.

కేసు బెంచీ మీదికి వచ్చేసరికి చాన కాలం పట్టింది. బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచిండు. బోనుల నిలబడి ప్రమాణం చేసిన, అంతా నిజమే చెప్తనని, నిజం తప్ప వేరేది చెప్పనని. జడ్జి మేడం ముందర బల్ల మీద కేసు సామాన్లు పెట్టిన్రు. విరిగిన గంప ఒకటి, ఒక చెప్పు, ఆ గళ్ళ తువ్వాల. తువ్వాల మీద రక్తం ఎండి నల్లగ అయ్యింది. సచ్చిపోయినామె వస్తువులని పోలీసులు రాసిన్రు. ఆ తువ్వాల ఆమెది కాదని ఆ కోర్టు హాల్ల ఇద్దరికే తెలుసు, నాకూ, ఎదురుంగ చేతులు కట్టుకొని నిలబడ్డ డ్రైవర్‌కూ.

సర్కారు వకీలు లేచిండు. సర్కారు తరఫున కేసు నడిపేది ఆయననే, నేను ఆయన పిలిపించిన సాక్షిని.

“క్యాబ్ చూసినవా?”

“చూసిన సార్.”

“దాని ముందర ఆమె పడి ఉన్నదా?”

“ఉన్నది సార్.”

“డ్రైవర్ అక్కడ ఉన్నడా?”

“ఉన్నడు సార్. ఆమె తలను ఒడిల పెట్టుకొని...”

“ఉన్నడా, లేడా? అడిగినదానికే చెప్పమ్మా.”

“ఉన్నడు.”

“ఈ క్యాబ్ స్పీడ్‌గ వచ్చి ఆమెను గుద్దుడు నువ్వు చూసినవు గదా?”

“లేదు సార్. ముందు చప్పుడు...”

ఆయన ముఖం మారిపోయింది. చేతిల ఉన్న కాయితం చూసిండు, నన్ను చూసిండు. క్యాబ్ గుద్దంగ కండ్లార చూసిననని నేను పోలీసులకు చెప్పినట్టు అందుల రాసి ఉన్నదట. నేను గట్ల చెప్పలే సార్ అన్న. అంతే, ఈ సాక్షి హోస్టైల్ అన్నడు. అంటే పిలిచినోళ్ళకే ఎదురు తిరిగిన సాక్షి అని. ఇగ నన్ను దొంగను అడిగినట్టు అడుగుడు మొదలుపెట్టిండు. డ్రైవర్‌తోని కుమ్మక్కై అబద్ధం చెప్తున్నవు కదా అన్నడు. కాదన్న. నేను తెలుగుల చెప్పినదాన్ని జడ్జి మేడం ఇంగ్లీషుల చెప్తుంటే టైపు చేసుకున్నరు. నా నోటి నుంచి వచ్చిన వాక్యం ఆ మిషన్లకు పోయేసరికి నాది కాకుండ పోతుండె.

నాకు ఇంకా ఆశ పోలే. డ్రైవర్ వకీలు ఉన్నడు గదా, ఆయన అడుగుతడు, అప్పుడు చెప్త అనుకున్న. ఆయన కుర్చీల నుంచి సగమే లేచి “నో క్వశ్చన్స్” అన్నడు. జడ్జి మేడం దిక్కు చూసిన. కావాలనుకుంటే జడ్జి ఏ ప్రశ్ననైనా అడగొచ్చని మన కానూన్ల ఉన్నదట. ఆమె అప్పటికే పక్క ఫైలు మీద చెయ్యి వేసింది. పాపం, బయట వరండ నిండ జనం. దిగమ్మా అన్నరు. దిగిన.

వరండల ఆ వకీలును పట్టుకొని నిలదీసిన. “నన్ను ఎందుకు అడగలే సార్? చప్పుడైనంకనే మీవోని కారు నన్ను దాటిందని చెప్పేదాన్ని గదా.” ఆయన నవ్విండు. “అమ్మా, లోతు తెల్వని నీళ్ళల్ల దిగొద్దని మా సీనియర్ నేర్పిండు. నువ్వు నోరు తెరిస్తే ఏం వస్తదో నాకేం తెలుసు? చూడలేదన్నవ్, నాకు గది చాలు. వాడు బయటపడుతడు.” ఆయన మీద కోపం వచ్చింది గానీ ఆయన మాటల అబద్ధం లేదు. మన కోర్టుల ఇద్దరు వకీళ్ళు కొట్లాడుకుంటరు, జడ్జి నడుమ కూసొని చూస్తది. ఎవని బలం ఎంతనేదే అక్కడ తేలుతది. ఏం జరిగిందన్నది మధ్యల పడిపోతే ఏరుకునేటోళ్ళు లేరు.

డ్రైవర్‌ను సందేహం కింద విడిచిపెట్టిన్రు. సర్కారు పైకోర్టుకు పోలే. టిప్పర్ గురించి ఎవ్వరూ వెతకలే. సందేహం కింద విడుదలంటే ఏందో మా గల్లీకి బాగ తెలుసు. చేసిండు గానీ దొరకలే అని. ఆయనకు మళ్ళ క్యాబ్ ఎవ్వరూ ఇయ్యలేదట. జల్‌పల్లిల ఉంటడని విన్న. కోర్టు విడిచిపెట్టింది, జనం విడిచిపెట్టలే.

నన్నూ విడిచిపెట్టలే. తీర్పు వచ్చిన నాడే పొద్దుగూకంగ ఆ ముసలామె బిడ్డ మా వాకిట్లకు వచ్చింది. చిన్నప్పటి నుంచి నన్ను అక్కా అని పిలిచిన పిల్ల. “ఎంతకు అమ్ముడుపోయినవ్?” అని అడిగింది. చప్పుడు ముందు, కారు తర్వాత అని చెప్పిన. “మరి కోర్టుల ఎందుకు చెప్పలే?” అన్నది. “అడగలే” అన్న. గల్లీకి గల్లీ విన్నది. పెదవి దాటితే పృథివి దాటుతది అంటరు గదా, నిజం దాటలేదు గానీ ఈ మాట మాత్రం దాటింది. కిరాణ దుకాణంల ఉప్పు అడిగితే గూడ, “అడిగినవ్ గనక ఇస్తున్న, అడగకపోతే మేం గూడ ఇయ్యం” అని నవ్వుడు. ఆ పిల్ల మాత్రం నవ్వకపోతుండె. నన్ను చూస్తే గల్లీ మలుపు దగ్గరనే అవతలి దిక్కుకు పోతుండె. అది నాకు నవ్వుల కంటే ఎక్కువ గుచ్చుకున్నది.

కలలు మొదలైనయి. బోనుల నిలబడి ఉంట. నోరు తెరుస్త. నా నోట్లనుంచి ‘ధన్’మని చప్పుడు వస్తది, మాట రాదు. బల్ల మీద తువ్వాల జర జర తడుస్తుంటది. లేచి కూసొని నా వేళ్ళు నేనే చూసుకుంటుంటి, నాడి ఆగిన వేళ్ళు.

ఆ తర్వాత కొన్నేండ్లకు జర్మనీకి నర్సులు కావాలంటే భాష నేర్చుకొని పోయిన. ముసలోళ్ళ ఆశ్రమంల పని. అక్కడ గూడ నా కర్మ నన్ను వదల్లే. మాతోని పనిచేసే ఒకతను ఒక ముసలాయనను మెట్ల మీద నూకిండని కేసైంది, నన్ను సాక్షిగ పిలిచిన్రు. ఆ కాయితం చూసినంక రెండు రోజులు బువ్వ ముట్టలే.

అక్కడ బోను లేదు. కుర్చీ ఉన్నది, కూసోమన్నరు. ప్రమాణం చేయించలే, అబద్ధం చెప్తే శిక్ష పడుతదని మాత్రం హెచ్చరిక చేసిన్రు. నేను ఇద్దరు వకీళ్ళ దిక్కు చూస్తున్న, ఎవరు ముందు లేస్తరోనని. ఎవ్వరూ లేవలే. జడ్జి కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, “మీకు తెలిసింది మొదటినుంచి మీరే చెప్పండి” అన్నడు. నేను ఒక వాక్యం చెప్పి ఆగిన. ఆయన తల ఊపిండు. ఇంకో వాక్యం చెప్పి ఆగిన. ఎవ్వరూ ఆపలే. మా మేనత్త లెక్క చెప్పుకుంట పోయిన. నేల తడిగ ఉన్న సంగతి, చెప్పు ఒకటి మెట్టు మీద పడి ఉన్న సంగతి, అరుపు ముందు వినబడ్డదా పడ్డ చప్పుడు ముందు వినబడ్డదా అన్న సంగతి. జడ్జి ఆ చెప్పు చేతిల పట్టుకొని ఇది ఎవరిది అని అడిగిండు. నాకు ఆ గళ్ళ తువ్వాల యాదికొచ్చింది.

సర్కారు వకీలు గూడ, ఆ పనివాని దిక్కు మేలయ్యే ప్రశ్నే అడిగిండు. మాసొంటి బయటి దేశపు నర్సులకు భాషల సాయం చేసే ఆమెను తర్వాత అడిగితే, అక్కడ సర్కారు వకీలు నేరం ఎంత వెతుకుతడో నిర్దోషమూ అంతే వెతకాలె, కానూన్ల గట్లనే ఉన్నదన్నది. నేను ముక్కు మీద వేలేసుకున్న.

అట్లని ఆడ అంతా బంగారమని చెప్ప. ఆ జడ్జి కేసు కాయితాలన్నీ ముందుగనే చదివి వచ్చిండు. ఆయన అడిగే తీరు చూస్తే, తొవ్వ తెలిసినోడు తొవ్వ అడిగినట్టే ఉండె. ఆ పనివాని వకీలు రెండు మూడు మాటలు అడిగి ఊకున్నడు. చదివినాయనే, అడిగినాయనే, తీర్పు చెప్పేందుకు పక్కన కూసున్న ఇద్దరు మామూలు మనుషులకు పెద్ద గూడ ఆయననే అయితే, ఆయన మొదటనే తప్పు తొవ్వ పట్టిండనుకో, గల్లా పట్టి ఆపేదెవరు? మన దిక్కు ఆ పని డ్రైవర్ వకీలు చేసిండు. నన్ను నోరు తెరవనియ్యలేదు గానీ మనిషిని జైలుకు పోనియ్యలే. ఆడ పనివానికి శిక్ష పడ్డది. అది న్యాయమో కాదో నాకు ఇప్పటికీ తెల్వదు.

కానీ లేచే ముందు జడ్జి ఇంకో మాట అడిగిండు. మేం అడగనిది, మీరు చెప్పాలనుకునేది ఏమన్న ఉన్నదా అని. నేను ఏడ్చిన. ఆ పరాయి కోర్టుల, కుర్చీల కూసొని, ముక్కు కారంగ ఏడ్చిన. నీళ్ళు తెచ్చిచ్చిన్రు. ఉన్నది సార్, కానీ అది మీ కేసు కాదు అని ఎట్ల చెప్పాలె వాళ్ళకు?

అక్కడ ఎక్కువ కాలం ఉండలే. తిరిగొచ్చిన. శంషాబాద్ మారిపోయింది, మా గల్లీల కిరాయి గదులు లేసినయి, ఆ మలుపు దగ్గర సూది పడితే చప్పుడు వినబడనంత బండ్లు. వచ్చిన వారంల ఆదివారం ప్రార్థన అయినంక నేరుగ ముసలామె బిడ్డ, ఆ పిల్ల ఇంటికి పోయిన. పిల్ల కాదు ఇప్పుడు, తలల తెల్ల వెంట్రుకలు వచ్చినయి. తలుపు తీసి నన్ను చూసి మూయబోయింది. తలుపుకు చెయ్యి అడ్డం పెట్టిన.

“నన్ను ఏం అడగకు,” అన్న. “తిట్టాలనుంటే చివర్ల తిట్టు. ముందు నన్ను చెప్పనియ్యి.”

ఏమనుకున్నదో, గడప మీద కూసున్నది. నేను అరుగు మీద కూసొని మొదటినుంచి చెప్పిన. మంచు, చప్పుడు, లైట్లు లేని టిప్పర్, నన్ను దాటిన కారు, డోర్ తెరిచి ఉండుడు, ఒడిల తల, తువ్వాల. నాడి సంగతి గూడ చెప్పిన, అది ఎట్ల ఆగిందో. మధ్యల ఒక్కసారి గూడ ఆపలే. నేను చెప్పుడు అయినంక లేచి లోపలికి పోయింది. తిట్టకుండ పోయింది, అంతే చాలు అనుకొని లేస్తున్న, ఆమె ఇవతలికి వచ్చింది. చేతిల మడతపెట్టిన గళ్ళ తువ్వాల ఉన్నది.

“కేసు అయినంక కోర్టోళ్ళు అమ్మ సామాన్లతోని ఇచ్చిన్రు. గిది మా అమ్మది కాదు,” అన్నది. “ఇన్నేండ్లు ఎవరిదో తెల్వలే. అమ్మ రక్తం ఉన్నది గదా, పారెయ్యబుద్ధి కాలే. ఉతికి పెట్టిన.”

ఇద్దరం కలిసి పోయినం. జల్‌పల్లిల ఆ డ్రైవర్‌ను పట్టుకునుడు కష్టం కాలే. క్యాబ్ నడిపెటోడు, కేసైనాయన అంటే మసీదు దగ్గరి చాయ్ దుకాణపాయన వేలు పెట్టి చూపించిండు. తోపుడుబండి మీద ఉల్లిగడ్డలు అమ్ముతుండు. గడ్డం తెల్లబడ్డది. మమ్మల్ని చూసి కిలోకు తూకం రాళ్ళు తీసిండు. ఆమె తువ్వాల బండి మీద, ఉల్లిగడ్డల మీద పెట్టింది. ఆయన చేతిల రాయి చేతిలనే ఉన్నది.

“నేను ఆ ఆకుకూరలామె బిడ్డను,” అన్నది. “గిది ఎవరిది?”

ఆయన నా దిక్కు చూసిండు, గుర్తుపట్టిండు. 

“నాది కాదని కోర్టుల చెప్పిన అక్కా,” అన్నడు. “జడ్జి మేడం చివరికి అడిగింది, ఇన్ని సాక్ష్యాలు వచ్చినయి, ఏమంటవని. అన్నిటికీ అబద్ధం అను, తెల్వదు అను, తువ్వాల నీదంటే నువ్వే గుద్దినవంటరు అని వకీల్ సాబ్ నేర్పిండు. నాది కాదన్న.”

“ఇది కోర్టు కాదు,” అన్నది ఆమె.

ఆయన రాయి కింద పెట్టిండు. “నాదే,” అన్నడు.

ఆమె ఇంకేం అడగలే. ఆయననే చెప్పుకుంట పోయిండు, తువ్వాల అంచు పట్టుకొని. “ఈమె రాకముందు అమ్మకు జరసేపు తెలివి ఉన్నది అక్కా. గంప, గంప అన్నది. నా గంప ఏది బిడ్డా అన్నది. అది టుక్డ టుక్డ అయిపోయి ఉన్నది. ఉన్నది అమ్మా, పక్కకు పెట్టిన, ఏం కాలేదు అన్న. సరే అన్నది. గంతే. మళ్ళ మాట్లాడలే.”

ఆమె బండిని రెండు చేతుల పట్టుకున్నది. గిన్నేండ్లుగ తల్లి చివరి మాట ఏందో తెల్వకుండ బతికిన మనిషి.

“గీ మాట అప్పుడే మాకెందుకు చెప్పలే అన్నా?” అన్నది.

“ఎవరూ అడగలే అక్కా,” అన్నడు ఆయన.

నేను నేల దిక్కు చూసిన. ఆ మాటకు మా గల్లీల ఏం జవాబు వస్తదో నాకు తెలుసు. ఆమె నన్ను చూసింది, మళ్ళ ఆయన్ను చూసింది.

“అవును,” అన్నది. “నేను గూడ అడగలే.”

తువ్వాల తీసి, దులిపి, ఆయన భుజం మీద ఆమెనే వేసింది.